కరెంటు రంపం కొనాలా మేడమ్?



పోయిన నెల పేరెంట్ టీచర్ మీటింగ్‌లో తొమ్మిదో తరగతి అబ్బాయి వాళ్ల నాన్నగారు ప్రోగ్రెస్ కార్డు మీద సంతకం పెట్టి, లేవబోతూ ఆగి, ఫోన్ తీసి నాకొక ఫొటో చూపించారు. ఆన్‌లైన్ ఆఫర్‌లో ఉన్న చిన్న కటర్. ధర పద్దెనిమిది వందలు. "దీంతో చెక్క కోయొచ్చా మేడమ్? ఎగ్జిబిషన్ మోడల్ తనే చేసుకుంటానంటున్నాడు. నాక్కూడా ఇంట్లో ఒక షెల్ఫు చేసుకోవాలని ఎప్పట్నుంచో ఉంది" అన్నారు. వెనక ఇంకా పదిమంది పేరెంట్స్ నిలబడి ఉన్నారు. "వద్దు సార్, అది కొనకండి" అని మాత్రం అనగలిగాను. ఎందుకు వద్దో, మరి ఏది కొనాలో చెప్పడానికి టైమ్ లేదు. ఆయన సరేనని ఫోన్ జేబులో పెట్టుకుని వెళ్లిపోయారు. ఉత్సాహంగా వచ్చిన మనిషిని ఒక్క మాటతో నీరుగార్చేశానే అని నాకు సాయంత్రం దాకా బాధగానే ఉంది.

ఈ పేజీలో మేం మామూలుగా పరీక్షల ప్రిపరేషన్, మొబైల్ అలవాట్లు, టిఫిన్ బాక్సుల గురించి రాస్తుంటాం. ఈసారి ఆ నాన్నగారికి నేను బాకీపడ్డ జవాబు రాస్తున్నాను. ఫిజిక్స్ చెప్పే టీచర్‌కి రంపాల సంగతి ఏం తెలుసని మీకు అనిపించవచ్చు. మా నాన్న వడ్రంగి.

ముప్పై ఏళ్లకు పైగా ఆయన చేసిన పని అదే. మా ఊళ్లో ద్వారబంధాలు, కిటికీలు, మంచాలు, తర్వాత టౌన్లలో అపార్ట్‌మెంట్లకు వార్డ్‌రోబ్‌లు, కిచెన్ అలమరాలు. నా బి.ఎస్సీ., బి.ఇడి. ఫీజులు ఆ రంపపు పొట్టులోంచే వచ్చాయి. రెండేళ్ల కిందట కుడి భుజం పట్టేసింది. చెయ్యి పైకి లేవడం కష్టమైంది. చేతి రంపం పది నిమిషాలు లాగితే రాత్రంతా నిద్ర ఉండదు. అప్పుడే అమ్మానాన్నల్ని విజయవాడలో నేనుండే అద్దె పోర్షన్‌కి తీసుకొచ్చాను. పని మానేసిన మనిషి ఇంట్లో ఎలా ఉంటారో మీలో కొంతమందికి తెలిసే ఉంటుంది. పొద్దున్నే పేపరు చదవడం, టీవీ చూడటం, మళ్లీ అదే పేపరు తిరగెయ్యడం. ఒకసారి నేను స్కూల్ నుంచి వచ్చేసరికి మా ఇంటి ఓనరుగారి గేటు తలుపు గడియ ఊడదీసి సరిచేస్తున్నారు. అది పాడైందని ఎవరూ చెప్పలేదు, చెయ్యమనీ అడగలేదు.

ఒక కరెంటు రంపం కొనిస్తే భుజానికి శ్రమ లేకుండా చిన్న చిన్న పనులు చేసుకుంటారు కదా అనిపించింది. తమ్ముడికి స్టడీ టేబుల్ కూడా కావాలి. నా జీతంలో ఈ పనికి పక్కన పెట్టగలిగింది ఆరు వేలు. అమ్మతో అన్నాను. అమ్మ గిన్నెలు తోముతూ వెనక్కి తిరగకుండానే చెప్పింది: "ఆ మిషను ఈ గుమ్మంలోకి వస్తే నేను ఈ గుమ్మం దాటి వెళ్తా."

కారణం నాకు తెలుసు. నాన్న ఎడమచేతి చూపుడువేలికి గోరు ఉండదు. 2017లో ఒక సైటులో పోయింది. అది కూడా ఆ నాన్నగారు ఫోన్‌లో చూపించిన లాంటి కటర్ వల్లే.

అందుకే ముందు దాని గురించే చెప్తాను. ఆ నాలుగంగుళాల కటర్ అసలు టైల్సు, మార్బుల్, గ్రానైట్ కోయడానికి చేసింది. దానికి వచ్చే డైమండ్ బ్లేడుకి పళ్లుండవు, రాయిని అరగదీస్తూ పోతుంది. చవక కాబట్టి, చేతిలో ఇమిడిపోతుంది కాబట్టి మన దగ్గర చాలామంది ఆ బ్లేడు తీసేసి పళ్లున్న చెక్క బ్లేడు వేసి వాడతారు. ఇంకొంతమంది గార్డు అడ్డం వస్తోందని అదీ తీసేస్తారు. మరికొందరు మిషన్‌ని తిరగేసి ప్లైవుడ్ ముక్క కింద బిగించి, బ్లేడు పైకి వచ్చేలా గాడి చేసి, టేబుల్ రంపంలా వాడతారు. మా నాన్న సైటులో ఉన్నది అదే. వేగంగా పని అవుతుంది, నిజమే. ఆ రోజు నాన్న సన్నటి పట్టీ కోస్తున్నారు. పట్టీ మధ్యలో కోత మూసుకుపోయి బ్లేడుని పట్టేసింది. పట్టీ ఎగిరి ఎక్కడో పడింది. దాన్ని తోస్తున్న చెయ్యి ముందుకు వెళ్లిపోయింది.

దీన్నే కిక్‌బ్యాక్ అంటారు. తిరిగే బ్లేడు ముందు అంచు చెక్కను కోస్తూ పోతుంది. అదే బ్లేడు వెనక అంచు కోత లోపల ఖాళీగా తిరగాలి. చెక్క వంగినా, చెక్కలోని బిగువు విడిపోయినా ఆ కోత దగ్గరకు మూసుకుంటుంది. అప్పుడు వెనక పళ్లు చెక్కను పట్టుకుని మన మీదికి విసురుతాయి, లేదా చేతిలో ఉన్న మిషన్నే ఎగరేస్తాయి. మనం వెనక్కి తగ్గేలోపు అంతా అయిపోతుంది. ఎంత వేగమో మా తొమ్మిదో తరగతి పిల్లలతో లెక్క చేయించాను. 110 మి.మీ. బ్లేడు చుట్టుకొలత దాదాపు 345 మి.మీ. నిమిషానికి 12,000 చుట్లు, అంటే సెకనుకు 200. గుణిస్తే పళ్లు సెకనుకు 69 మీటర్లు పోతున్నాయి. గంటకు దాదాపు 250 కిలోమీటర్లు. జవాబు రాగానే క్లాసంతా ఒక్కసారి నిశ్శబ్దమైపోయింది. వృత్తాకార చలనం పాఠంలో నాకు అంత నిశ్శబ్దం ఎప్పుడూ దొరకలేదు.

యాంగిల్ గ్రైండర్‌కి చెక్క బ్లేడు వేయడం ఇంకా అన్యాయం. కటర్‌కి కనీసం చెక్క మీద ఆనించే అడుగు ప్లేటు ఉంటుంది. గ్రైండర్‌కి అదీ లేదు. పూర్తిగా గాల్లో చేతి బలం మీదే పట్టుకోవాలి. రెండూ మంచి మిషన్లే, వాటి పనికి వాడితే. చెక్కకు మాత్రం వద్దు. ఎంత అనుభవం ఉన్నవాళ్లు చూపించినా, ఎంత చవకగా వస్తున్నా వద్దు.

మరి ఏది? నేను, నాన్న కలిసి వన్‌టౌన్‌లో హార్డ్‌వేర్ షాపులన్నీ ఒక ఆదివారం తప్ప మిగతా సెలవులన్నిటా తిరిగాం. అమ్మకు కూరగాయలకని చెప్పి వెళ్లాం. ఇంట్లో పనికి నిజంగా పనికొచ్చేవి రెండు కనిపించాయి.

మొదటిది సర్క్యులర్ సా. చేత్తో పట్టుకుని చెక్క మీద తోసుకుంటూ పోయే గుండ్రటి రంపం. సాధారణంగా 184 మి.మీ. బ్లేడు, అంటే ఏడుంబావు అంగుళాలు. నిటారుగా పెడితే 65 మి.మీ. దగ్గర్లో లోతు కోస్తుంది. ఎనిమిదడుగుల ప్లైవుడ్ షీటుని తిన్నగా చీల్చాలంటే దీన్ని మించింది లేదు. దీని బ్లేడు పళ్లు కూడా గంటకు 190 కిలోమీటర్ల చొప్పున తిరుగుతాయి, కాబట్టి ఇదేదో సాధువు అనుకోకండి. తేడా ఏమిటంటే దీన్ని చెక్క కోసమే చేశారు. కింద స్ప్రింగుతో మూసుకునే గార్డు ఉంటుంది. కోస్తుంటే వెనక్కి జరుగుతుంది, కోత అయిపోయి మిషన్ పైకెత్తగానే టక్కున మూసుకుంటుంది. షాపులో దాన్ని మీ చేత్తో వెనక్కి లాగి వదిలి చూడండి. నెమ్మదిగా, ఇష్టం లేనట్టు మూసుకుంటే ఆ పీసు వద్దని చెప్పండి. మేం చూసినప్పుడు పేరున్న కంపెనీలవి ఐదు వేల నుంచి ఎనిమిది వేల వరకు ఉన్నాయి.

ఇక్కడ ఫిజిక్స్ టీచర్‌గా ఇంకో మాట. ఈ మిషన్లు 1,400 వాట్ల దాకా ఉంటాయి. 230 వోల్టులతో భాగిస్తే ఆరు ఆంపియర్లు దాటుతుంది. మన హాల్లో, బెడ్‌రూముల్లో ఉండే చిన్న సాకెట్లు ఆరు ఆంపియర్లవే. స్టార్ట్ అయ్యేటప్పుడు ఇంకా ఎక్కువ లాగుతుంది. గీజర్‌కో, ఏసీకో పెట్టిన 16 ఆంపియర్ల సాకెట్‌కే పెట్టాలి. మొబైల్ చార్జింగ్‌కి వాడే సన్న వైరు ఎక్స్‌టెన్షన్ బాక్సు దీనికి అస్సలు వాడకూడదు. వైరు వేడెక్కి కరిగిన వాసన వచ్చేదాకా మనకు తెలియదు.

రెండోది జిగ్ సా. కుట్టుమిషన్ సూదిలా సన్నటి బ్లేడు పైకీ కిందికీ ఆడుతుంది. వంపులు, గుండ్రాలు, మధ్యలో రంధ్రాలు కోయడానికి ఇదే. 400, 500 వాట్లే కాబట్టి మామూలు సాకెట్ చాలు. మేం చూసినవి రెండున్నర వేల నుంచి నాలుగు వేల దాకా. మళ్లీ లెక్క చేద్దాం. బ్లేడు 20 మి.మీ. కిందికి, 20 మి.మీ. పైకి, నిమిషానికి 3,000 సార్లు. సరాసరి సెకనుకు రెండు మీటర్లు, అంటే గంటకు ఏడు కిలోమీటర్లు. మనం బస్సు కోసం గబగబా నడిచే వేగం. వేలు పెడితే ఇదీ కోసేస్తుంది, అందులో సందేహం లేదు. కానీ చెక్కను ఎత్తి మన మీదికి విసిరే బలం దీనికి లేదు. బ్లేడు పట్టేస్తే మిషన్ గడగడమని వణుకుతుంది, స్విచ్ వదలడానికి టైమ్ దొరుకుతుంది.

దీనికీ లోపాలున్నాయి. తిన్నటి గీత మీద దానంతటది పోదు, ఒక పక్కకు ఈడుస్తుంది. మందం చెక్కలో బ్లేడు లోపల వంగి, పైన సరిగ్గా ఉన్న కోత కింద వంకరగా వస్తుంది. నాన్న దాన్ని చూసిన మొదటి రోజు "ఇది బొమ్మలు కోసుకునేదమ్మా, రంపం కాదు" అన్నారు.

షాపులో నేను సర్క్యులర్ సా వైపు, నాన్న కూడా దాని వైపే. ఆరు వేలకు కష్టం మీద వస్తుంది. డబ్బులు లెక్కపెడుతుంటే నాన్న ఎడమచెయ్యి జేబులో పెట్టుకుని నిలబడి ఉన్నారు. ఆ అలవాటు ఆయనకు 2017 నుంచే. ఎవరైనా కొత్తవాళ్లు ఎదురుగా ఉంటే ఆ చెయ్యి బయటికి తియ్యరు. నేను షాపతన్ని, "పెద్ద షీట్లు మీరే కోసిస్తారా?" అని అడిగాను. పక్కనే ఉన్న ప్లైవుడ్ షాపులో పెద్ద మిషన్ ఉందని, షీటు కొంటే కోతకు కొంచెం తీసుకుని కొలతల ప్రకారం కోసిస్తారని చెప్పాడు. అంతే, నా లెక్క మారిపోయింది.

మీలో మొదటిసారి కొనేవాళ్లకి నేను చెప్పే ముఖ్యమైన సంగతి ఇదే. ఇంట్లో పెద్ద రంపం అవసరమయ్యేది పెద్ద షీటుని చీల్చడానికి మాత్రమే. ఆ పని షీటు కొన్న చోటే చేయించేసుకుంటే, ఇంటికి వచ్చేవి చేతిలో పట్టే ముక్కలు. వాటికి జిగ్ సా సరిపోతుంది. మిగిలిన డబ్బులతో నాలుగు సి-క్లాంపులు, మంచి బ్లేడులు, కళ్లద్దాలు కొనుక్కోవచ్చు. నేను జిగ్ సా తీసుకున్నాను, మూడు వేల రెండొందలకి. నెలకో రెండు నెలలకో ఏదో చేసుకునే ఇల్లయితే అది చాలు. ఏడాది తర్వాత కూడా మీకు ఉత్సాహం తగ్గకపోతే అప్పుడు సర్క్యులర్ సా కొనండి.

కొలతలు రాసిచ్చేటప్పుడు బ్లేడు మందాన్ని మర్చిపోవద్దు. నేను నాలుగడుగుల ముక్కను సరిగ్గా రెండు రెండడుగుల ముక్కలు చెయ్యమని రాశాను. నాన్న కాగితం చూసి నవ్వి, "మరి రంపం తినేది ఎవరిస్తారు?" అన్నారు. ప్రతి కోతకూ రెండు మూడు మి.మీ. పొట్టుగా పోతుంది. ఎమ్మెస్సీ ఎంట్రన్స్ రాసిన నాకు అది తట్టలేదు.

బ్లేడు విషయంలో పిసినారితనం వద్దు. చవక మిషన్‌కి మంచి బ్లేడు వేస్తే బాగానే కోస్తుంది, ఖరీదైన మిషన్‌కి మొద్దు బ్లేడు వేస్తే చెక్క కాలిన వాసన వస్తుంది. జిగ్ సా బ్లేడులు తల దగ్గర ఇంగ్లిష్ 'టి' అక్షరంలా ఉండే రకం తీసుకుంటే ఎక్కడైనా దొరుకుతాయి. నున్నటి కోతకు టి-101-బి, త్వరగా కోయడానికి టి-144-డి అని అడగండి. మామూలు బ్లేడు పళ్లు పైవైపు చూస్తుంటాయి, అంటే పైకి లాగేటప్పుడు కోస్తాయి. అందువల్ల పై పొర చిట్లుతుంది. చెక్కలో బాగా కనిపించాల్సిన ముఖాన్ని కిందికి పెట్టి కోయండి. గీత మీద మాస్కింగ్ టేపు అంటిస్తే ఇంకా మంచిది. తిన్నగా రావాలంటే గీతకు పక్కన ఒక నిటారు పట్టీని క్లాంపులతో బిగించి, మిషన్ అడుగు దానికి ఆనించి తోయండి. ముక్కను ఎప్పుడూ చేత్తో పట్టుకోకూడదు, క్లాంపే పట్టుకోవాలి. రెండు చేతులూ మిషన్ మీద ఉంటే కోతకు దొరకడానికి వేలే ఉండదు.

అమ్మలకు, నాలాంటి టీచర్లకు ఒక మాట. చున్నీ తీసి పక్కన పెట్టాలి, జడ ముడి వేసుకోవాలి, వదులు గాజులు తీసెయ్యాలి. చేతికి గ్లౌజులు వేసుకుంటే మంచిదని చాలామంది అనుకుంటారు. తిరిగే బ్లేడు దగ్గర గ్లౌజు చిక్కుకుంటే వేలితోపాటు చేతిని లాగేస్తుంది, వద్దు. కళ్లద్దాలు తప్పనిసరి. మూతికి మాస్కు కూడా. చెక్క పొడిని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ క్యాన్సర్ కారకాల్లో మొదటి గ్రూపులో చేర్చింది. నాన్న ముప్పై ఏళ్లు మూతికి తువ్వాలు కూడా కట్టుకోలేదు. ఇప్పుడు మాస్కు పెట్టమంటే చాదస్తం అంటారు, కానీ పెట్టుకుంటున్నారు.

ఇక పిల్లల సంగతి. ఇది రాయడం నాకు కొంచెం కష్టం.

పోయిన డిసెంబరు ఎగ్జిబిషన్‌లో మా క్లాసు అబ్బాయి ఒకడు హైడ్రాలిక్ బ్రిడ్జి తెచ్చాడు. ప్లైవుడ్‌తో, అంచులు కత్తితో కోసిన వెన్నలా ఉన్నాయి. ఫినిషింగ్‌కి పదికి పది వేశాను. అందరి ముందూ మెచ్చుకున్నాను. వాడు మోడల్ సర్దుకుంటుంటే బొటనవేలికి ప్లాస్టర్ కనిపించింది. ఎవరు కోశారురా అంటే "నేనే మేడమ్, మావయ్య కటర్‌తో. గార్డు లేదు, కానీ జాగ్రత్తగానే కోశా" అన్నాడు. గాయం చిన్నదే, నాలుగు రోజుల్లో మానింది. నాకు మాత్రం నాన్న చెయ్యి జేబులోకి వెళ్లడం గుర్తొచ్చింది. ఆ అబ్బాయి కటర్ పట్టుకున్నది నా పది మార్కుల కోసం. కొన్న మోడల్ కాదని, సొంతంగా చేశాడని నేను సంతోషించాను. ఎలా చేశావని ముందు అడగలేదు. వాళ్ల అమ్మగారికి ఫోన్ చేసి చెప్పాను, సారీ కూడా చెప్పాను. ఆవిడ అనుమతితోనే ఇది రాస్తున్నాను.

ఈ ఏడాది నా క్లాసుల వరకు ఫినిషింగ్ మార్కులు తీసేశాను. ఆ పది మార్కులు నోటుబుక్‌కి ఇస్తున్నాను. ఏం అనుకున్నారు, ఎక్కడ తప్పు వచ్చింది, ఎలా సరిచేశారు అని పిల్లలు రాసుకునే పుస్తకం. అంచులు వంకరగా ఉన్నా సరే. అట్టతో చేసినా సరే. మోడళ్లు అమ్మే షాపు నుంచి తెస్తే మాత్రం ఆ పుస్తకంలో రాయడానికి ఏమీ ఉండదు, అది మీకూ తెలుసు, నాకూ తెలుసు.

చెక్కపని పిల్లలకు వద్దని కాదు. 2020 జాతీయ విద్యా విధానం కూడా ఆరు నుంచి ఎనిమిది తరగతుల పిల్లలు వడ్రంగం లాంటి చేతిపనులు చేసి చూడాలని చెప్పింది. మొదలుపెట్టాల్సింది చేతి రంపంతో. మూడు నాలుగొందలకు చిన్నది వస్తుంది. చెక్కను క్లాంపుతో బిగించి, మీరు పక్కన ఉండి, గీత మీద నెమ్మదిగా లాగమనండి. మొదటి కోత తప్పకుండా వంకరగా వస్తుంది. చెక్క ఎదురు తిరగడం, నార ఎటు పోతుందో చేతికి తెలియడం అక్కడే మొదలవుతుంది. కరెంటు రంపం మాత్రం స్కూలు పిల్లల చేతికి ఇవ్వకండి. వాళ్లు గీత గియ్యాలి, కొలవాలి, గరుకు కాగితం పట్టాలి, మీరు కోయాలి. పని అయ్యాక ప్లగ్ తీసి, మిషన్‌ని బీరువాలో పెట్టి తాళం వెయ్యండి. బ్లేడు మార్చేటప్పుడు కూడా స్విచ్ ఆపడం చాలదు, ప్లగ్ తియ్యాలి.

మా స్టడీ టేబుల్ సంగతి చెప్పలేదు కదూ. వేసవి సెలవుల్లో పదకొండు రోజులు పట్టింది. మిషన్ తెచ్చిన రోజు అమ్మ గుమ్మం దాటి వెళ్లలేదు గానీ, రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు పిట్టగోడ పక్కన నాన్న కోయడం మొదలుపెడితే తలుపు దగ్గర నిలబడి చూసింది. నాన్న క్లాంపు బిగించారు, కళ్లద్దాలు పెట్టుకున్నారు, రెండు చేతులతో మిషన్ పట్టుకున్నారు. గోరు లేని వేలు కూడా దాని మీదే ఉంది. భుజం నొప్పి ఉందా అని అడిగితే తల అడ్డంగా ఊపారు. కాళ్లకు వంపు తిరిగిన అంచు కోశారు, నేను అడగని డిజైన్ అది. "బొమ్మలు కోసుకునేదే, కానీ బాగా కోస్తోంది" అన్నారు.

ఇప్పుడు మా వీధిలో ఇద్దరు ముగ్గురు షెల్ఫులు అడుగుతున్నారు. ఆ పి.టి.ఎం. నాన్నగారూ, మీరు ఇది చదివితే ఈసారి మీటింగ్‌లో కాస్త ముందుగా రండి, మీ షెల్ఫు కొలతలు కూడా తెచ్చుకోండి. మా నాన్న ఆ కాగితం చూస్తానంటున్నారు.

అమ్మ ఇంకా ఆ మిషన్‌ని ముట్టుకోదు. కానీ మధ్యాహ్నం చప్పుడు ఆగిందంటే చాలు, వంటింట్లోంచి కేకేస్తుంది: "ఏమండీ, ప్లగ్ పీకారా?"